చివర నడిచిన గార్డుగారు

ఏవీ, ఆ బూట్లు ఇలా ఇవ్వు చూద్దాం. కొత్తవేనా? మొన్ననే కొన్నావా? అయితే తీసి పక్కన పెట్టు తల్లీ, పదకొండు రోజుల నడకకి కొత్త బూట్లు పనికిరావు. రెండో రోజు సాయంత్రానికి మడమ దగ్గర తోలు లేచిపోతుంది, మూడో రోజు నువ్వు దేవుణ్ణి తలుచుకోవు, ఆ మడమనే తలుచుకుంటావు. రోజూ ఆఫీసుకి వేసుకెళ్ళేవి ఉంటాయిగా, అవే వేసుకో. మేజోళ్ళు మాత్రం నాలుగు జతలు పెట్టుకో. ఆ, కూర్చో, కుర్చీ మీద పేపర్లు కింద పడెయ్, ఫర్వాలేదు, అన్నీ పాతవే. ఎంతమంది వెళ్తున్నారు? నలభై మందా. మరి మీలో చివర నడిచేదెవరు? అదేంటి, ఎవరూ లేరా? ముందు ఎవడు నడిచినా ఒకటేనమ్మా, దారి ఎటూ ఉంటుంది. చివర మనిషి లేకుండా జట్టేంటి? ఫోన్లుంటాయా. సరేలే, ఫోన్లుంటాయి. మాకు ఫోన్లు లేవు. గార్డుగారు ఉండేవారు.

నీకెప్పుడూ చెప్పలేదు కదూ ఆయన గురించి. ఎవరికీ చెప్పలేదులే. మీ అమ్మమ్మకి కూడా తెలియదు, నా సొంత అక్క. చెప్పకూడని కారణం ఒకటుండేది, అది పోయిన నెలతో తీరిపోయింది, అదీ చెప్తాను, కంగారుపడకు. ఆయనకి పేరేదో ఉండే ఉంటుంది, మేమెవరం పిలవలేదు. గూడ్సు బండికి చిట్టచివర చిన్న పెట్టె ఒకటి తగిలించి ఉండేది, మీ కాలానికి అవీ పోయాయి, అందులో గార్డుగా ముప్పై ఏళ్ళు ఒంటరిగా కూర్చున్నారాయన. రిటైరయ్యాక మా జట్టులో చేరి కొండకి నడవడం మొదలుపెట్టారు. పొట్టిగా ఉండేవారు, మెడ కొంచెం ఎడమకి వంగి ఉండేది, ఉద్యోగం అంతా అటు తలపెట్టి చూడ్డంతో అలా అయిపోయిందనేవారు. పాట పాడరు, దండం కూడా గబగబా పెట్టేస్తారు. ఆయన చేసే పూజల్లా లెక్కపెట్టడం. బయల్దేరే ముందు ఒకసారి, మధ్యాహ్నం ఆగిన చోట ఒకసారి, సాయంత్రం బసకి చేరాక ఒకసారి. నేను మొదటిసారి వెళ్ళిన ఏడాది ఆయనతో కలిపి ముప్పై ఒక్కరం. సాయంత్రం లెక్క సరిపోయేదాకా వంటవాడు గరిటె ముట్టుకోకూడదు. అది జట్టు నియమం. పెట్టింది మందుల షాపాయన, ఆయనే మా పెద్ద, మెళ్ళో ఈల వేసుకుని ముందు నడిచేవాడు.

నేనెందుకు వెళ్ళానంటావా? భక్తితోనా? నాకా? నాకప్పుడు ఇరవై మూడేళ్ళు, మోటార్లు రిపేరు చేసే షెడ్డులో పని, ఆదివారం వస్తే సినిమా. చిన్నప్పుడు నాకు జ్వరం తలకెక్కి మూడు రోజులు కళ్ళు తెరవకపోతే మా అమ్మ మొక్కుకుందట, బతికితే కొండదాకా నడిచి వస్తానని, బండెక్కనని. బతికాను. ఇవాళ రేపూ అంటుండగానే ఆవిడ మోకాళ్ళు పోయాయి. ఇక రోజూ అదే బెంగ. "ఒరేయ్, నువ్వు నడిస్తే నేను నడిచినట్టేరా" అని పట్టుకుంది. సరేనన్నాను. పదకొండు రోజులేగా అనుకున్నాను.

ఆ నడకంటే ఏమనుకుంటున్నావో ఏమో, అందరూ చేతులెత్తి పాడుకుంటూ పోతుంటారనుకుంటావు. మొదటి రోజు పాడతారు. రెండో రోజు నుంచీ వినపడేది చెప్పుల చప్పుడొక్కటే. తెల్లారకముందే ఈల మోగుతుంది, చీకట్లో ఎవడి తువ్వాలు ఎవడు తీసుకున్నాడో అని తగువు. ఉతికిన బట్టలు ఆరవు, తడివి వీపు మీద సంచికి పిన్నీసులతో తగిలించుకుని నడవాలి, ముందువాడి బనీను చూస్తూ మైళ్ళకి మైళ్ళు నడిచాను నేను. మధ్యాహ్నం ఏ గోడౌన్లోనో, ఏ బడి వరండాలోనో పడేవాళ్ళం. నర్సమ్మ అని ఒకావిడ ఉండేది, ఆస్పత్రిలో ముప్పై ఏళ్ళు చేసిన మనిషి, అందరి కాళ్ళూ వరసగా ఒళ్ళో పెట్టుకుని బొబ్బల్లోకి సూదీ దారం దూర్చి నీరు తీసేది. "అరవకు, దేవుడు వింటాడు" అనేది. ఎవరికీ నవ్వొచ్చేది కాదు. ఒకాయన గురక పెడతాడని ఆయన పక్కన పడుకోకుండా ఉండటానికి భక్తులంతా ఎంత పరుగెత్తేవాళ్ళో, ఆ పరుగు రోడ్డు మీద పరుగెడితే కొండ నాలుగు రోజుల్లో వచ్చేసేది.

నేను రోజూ వెనకబడేవాణ్ణి. వెనక్కి చూస్తే ఆయన. నేను ఆగితే ఆగుతారు, కూర్చుంటే కాస్త దూరంలో నిలబడతారు. ఒక్క మాటనరు. "మీరు వెళ్ళండి సార్, నేను వస్తాను" అంటే, "నా వెనక ఎవరూ ఉండకూడదు బాబూ" అనేవారు, అంతే. అదెంత చిరాకో నీకు తెలియదు. తిట్టేవాడైతే తిరిగి తిట్టుకోవచ్చు. మూడో రోజు ఉండబట్టలేక అడిగేశాను, ఏమిటి సార్ మీకీ పట్టింపు అని. అప్పుడు చెప్పారు. ఉద్యోగం కొత్తలో ఆయన బండిలో బ్రేకు చూసే మనిషొకడు ఉండేవాడట, పెళ్ళై ఏడాదైనా కాలేదు. ఏదో చిన్న స్టేషన్లో మంచినీళ్ళకి దిగాడు. ఎక్కేశాడనుకుని ఈయన పచ్చజెండా ఊపేశారు. కదిలే బండి ఎక్కబోయి జారాడు. తర్వాతి స్టేషన్లో చూసుకుంటే మనిషి లేడు. "తల ఇటు తిప్పితే కనపడేవాడు బాబూ. ఇటు తిప్పలేదు" అన్నారు. అని, నా సీసాలో నీళ్ళున్నాయో లేవో చూసి, నడవమన్నారు.

విన్నాను కదా, బుద్ధి రావాలా వద్దా? ఐదో రోజు. ఎండ. ఆ రోజు పన్నెండు మైళ్ళు మిగిలున్నాయి మధ్యాహ్నం నుంచి. ఇటుకల బట్టీ పక్కన ఒక రేకుల షెడ్డులో ఆగాం. నా రెండు అరికాళ్ళూ పచ్చి పుళ్ళు. అక్కడ కూర్చుని ఒక్కటే ఆలోచించాను తల్లీ, ఆయన కళ్ళు తప్పించుకోవడమెలా అని. ఎంత తేలికగా తట్టిందో. గార్డుగారి దగ్గరికెళ్ళి, "ఈ పూట మందుల షాపాయనతో ముందు నడుస్తాను సార్, పోటీ ఉంటే కాలు సాగుతుంది" అన్నాను. ఆయన మొహం వెలిగింది. "మంచిది బాబూ, ముందే ఉండు" అన్నారు. తర్వాత ముందుకెళ్ళి మందుల షాపాయనతో, "నేను వెనక గార్డుగారితో వస్తాను" అన్నాను. ఈల మోగింది. నేను బట్టీ వెనక్కి వెళ్ళి ఇటుకల దొంతి చాటున నిలబడ్డాను. అందరూ వెళ్ళారు. చివరగా ఆయన వెళ్ళారు, షెడ్డులోకి ఒకసారి తొంగిచూసి మరీ వెళ్ళారు.

అరగంట తర్వాత సిమెంటు బస్తాల లారీ ఒకటి వచ్చింది. చెయ్యెత్తాను, ఆపాడు. పైన బస్తాల మీద వెల్లకిలా పడుకున్నాను, ఎవరికీ కనపడకుండా. కింద రోడ్డు మీద మా వాళ్ళని దాటినప్పుడు వాళ్ళ మాటలు వినపడ్డాయి. ఊపిరి బిగబట్టాను. బస ఉన్న ఊళ్ళో దిగి, పంపు దగ్గర కాళ్ళు కడుక్కుని, క్షౌరం షాపులో కూర్చున్నాను. చల్లగా ఉంది, ఫ్యాను తిరుగుతోంది. గడ్డం కూడా గీయించుకున్నాను. అది తలుచుకుంటేనే నాకు ఇప్పటికీ, ఆ గడ్డం గీయించుకోవడం. సరేగాని. జట్టు వచ్చినప్పుడు సందులోంచి వెళ్ళి కలిసిపోదామని నా ప్లాను. ఐదింటికి వచ్చారు. వెళ్ళాను. నన్ను చూడగానే నర్సమ్మ రోడ్డు మీద అలాగే కూలబడిపోయింది. "ఉన్నాడు, ఇక్కడే ఉన్నాడు" అని ఎవరో అరిచారు. మందుల షాపాయన వచ్చి నా భుజాలు పట్టుకుని ఊపేశాడు. "ఎక్కడికి పోయావురా? ఏ దారిన వచ్చావు?" అడ్డంగా పొలాల దారిన వచ్చానన్నాను. ఎలా వచ్చిందో ఆ మాట, వచ్చేసింది. "మరి గార్డుగారేరి?" అన్నాను. నర్సమ్మే చెప్పింది.

దారిలో కాలవ వంతెన దగ్గర నీళ్ళకి ఆగారట. ఆయన లెక్కపెడితే ముప్పై. మళ్ళీ పెడితే ముప్పై. "మీతో ఉన్నాడనుకున్నాను", "మీతో ఉన్నాడనుకున్నాను" అని ఇద్దరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారట. ఆయన మారుమాట లేకుండా వెనక్కి తిరిగారు. ఎవరినైనా సైకిలు మీద పంపుదామని మందుల షాపాయన అంటే, "సైకిలు వాడికి అతని మొహం తెలియదు" అన్నారట. ఆయనకప్పుడు అరవై మూడు, పైగా షుగరు.

ఇక అప్పట్నుంచి చూడు. బడిలో బస. వరండాలో గోనెపట్టాలు పరిచి విస్తళ్ళు పెట్టేశారు, వంటవాడు మూతలు తియ్యలేదు. ముప్పై మందీ గేటు వైపు చూస్తూ కూర్చున్నారు. ఎవరూ నన్నేమీ అనలేదు. ఒకావిడ మంచినీళ్ళిచ్చింది, ఎండన పడి వచ్చాడు పాపమని. మా సామాన్లు మోసే వ్యాను సరుకులకని టౌనుకి పోయింది, అందుకని మందుల షాపాయన ఊళ్ళోవాణ్ణెవణ్ణో సైకిలు మీద పంపాడు. వాడు కాలవదాకా వెళ్ళి తిరిగొచ్చి, "ఎవరూ కనపళ్ళేదండీ, అటుపక్క మబ్బు పట్టింది, గాలి లేచింది" అన్నాడు. నేనే వెళ్ళాలి కదా, నీకు తెలుస్తోంది కదా. లేచి నిలబడ్డాను కూడా. "కాళ్ళు చూడు ఎలా ఉన్నాయో, కూర్చో" అని నర్సమ్మ అంది. కూర్చున్నాను. ఒక్క మాట చెబితే చాలు, లారీ ఎక్కానండీ, ఆయన నాకోసం పొలాల్లో వెతకక్కర్లేదండీ, రోడ్డు మీదే వెళ్ళి పట్టుకోండి అని. నోరు రాలేదు. చెబితే ఏం జరుగుతుందో తెలుసు. బండెక్కినవాణ్ణి తెల్లారి ఇంటికి పంపేస్తారు, ముందటేడు మందుల షాపాయన తన సొంత బావమరిదినే పంపేశాడు. మా అమ్మ ముందు ఎలా నిలబడను? ఇదే ఆలోచిస్తున్నాను నేను. ఆయన గురించి కాదు. నిజం చెప్తున్నాను, ఆయన గురించి కాదు.

చీకటి పడి చాలాసేపయ్యాక గేటు చప్పుడైంది. ఆయనే. ఛాతీదాకా తడిసి ఆరిన చారలు, బట్టల నిండా రాతిపొడి, ఒక కాలికి చెప్పు లేదు. వరండా మెట్టు మీద ఆగి మమ్మల్నందర్నీ చూశారు. నన్ను చూశారు. నేరుగా నా దగ్గరికి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశారు, గట్టిగా నొక్కారు, మనిషినా కాదా అన్నట్టు. "ముప్పై ఒకటి" అన్నారు. వంటవాడి వైపు తిరిగి, "వడ్డించవయ్యా" అన్నారు. చెయ్యి తీశాక అరచేయి చూసుకున్నారు. నా చొక్కా మీది సిమెంటు, ఆ చెమటచేతికి బూడిదరంగు ముద్దలా అంటుకుంది. చూసుకుని, ప్యాంటుకి తుడిచేసుకున్నారు.

భోజనాలయ్యాక ఆయనకొక పని ఉండేది. ఆ మధ్యాహ్నం దారంతా కొత్త తారు రోడ్డు, అందరి చెప్పుల అడుగునా తారూ కంకరా పట్టుకుంది. గుమ్మం దగ్గర కూర్చుని కిరసనాయిలు గుడ్డతో ఒక్కో జతా తుడుస్తున్నారు. లోపల నర్సమ్మ నా కాళ్ళకి మందు రాస్తూ ఉన్నట్టుండి ఆగింది. "మా పుట్టిల్లు ఈ పక్కేరా అబ్బాయ్. మొన్న వానకి పొలాల దారంతా నల్లబురద అయి ఉంటుంది, మోకాలిదాకా దిగిపోతుంది. నువ్వెలా నడిచావు?" అంది. అనుమానంగా కాదు, మామూలుగానే అడిగింది. మందుల షాపాయన విన్నాడు. నా వైపు చూశాడు. గీయించుకున్న గడ్డం చూశాడేమో తెలియదు. "నీ చెప్పులేవి?" అన్నాడు. బయట ఉన్నాయన్నాను. ఆయన లేచి గుమ్మం దగ్గరికి వెళ్తున్నాడు. నేను వెనకే వెళ్ళాను. నా చెప్పులు అప్పటికే గార్డుగారి చేతిలో ఉన్నాయి. తిరగేసి చూస్తున్నారు. తారు లేదు, బురద లేదు, తెల్లగా ఉన్నాయి అడుగులు. మందుల షాపాయన ఆయన మీదికి వంగి, "అవి ఇతనివేనా?" అన్నాడు.

"ఇతనివే. ఇప్పుడే కడిగాను. మూరెడు బురద ఉంది వీటికి, గోకలేక చేతులు పడిపోయాయి" అన్నారు గార్డుగారు.

మందుల షాపాయన "ఓహో" అని లోపలికి వెళ్ళిపోయాడు. ఆయన మాటని అనుమానించేవాళ్ళు లేరు. ఆయన అబద్ధం ఆడగా ఎవరూ వినలేదు. నేను అక్కడే నిలబడ్డాను. ఆయన తలెత్తలేదు. నా చెప్పులు వరసలో పెట్టి ఇంకో జత తీసుకున్నారు. "పడుకో బాబూ, పొద్దున్నే లేవాలి" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో రెండు రోజుల తర్వాత మా సామాన్ల వ్యానువాడి వల్ల తెలిసింది, సరుకులకి అటు వెళ్ళినప్పుడు బట్టీవాళ్ళు చెప్పారట. ఆయన ఇటుకల బట్టీదాకా మొత్తం వెనక్కి వెళ్ళారట. అక్కడొకామె, ఎవరో కుర్రాడు రాళ్ళ క్వారీ వైపు పోయాడని చెప్పిందట. వెళ్ళి చూస్తే క్వారీ గుంట నిండా నీళ్ళు, గట్టు మీద ప్యాంటూ చొక్కా. దిగేశారు. ఛాతీలోతు నీళ్ళలో గంటసేపు కాళ్ళతో తడుముకుంటూ వెతికారట, నా కోసం. చివరికి ఆ బట్టలవాడు, రాళ్ళు కొట్టేవాడెవడో, స్నానం చేసి అవతలి గట్టున నిద్రపోతున్నవాడు లేచి వచ్చి, ఏంటయ్యా వెతుకుతున్నావని అడిగాడట. ఆ గుంటలోనే చెప్పు పోయింది. ఆ గుంటలోనే ఏదో ఇనప ముక్క అరికాల్లో దిగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదాయన. అరువు చెప్పులేసుకుని ఆరో రోజు నడిచారు, ఏడో రోజు నడిచారు. నేనిప్పుడు ఆయనకి ముందు పది అడుగుల్లో నడుస్తున్నాను, వెనకబడటం లేదు. వెనక ఆ కాలు ఈడుస్తున్న చప్పుడు వినపడుతోంది. తిరిగి చూస్తే, "నడు నడు" అంటారు.

ఎనిమిదో రోజు సాయంత్రం నర్సమ్మ ఆయన పక్కనుంచి పోతూ వాసన పట్టింది. కట్టు విప్పించి చూసి, బయటికెళ్ళి ఏడ్చింది. తొమ్మిదో రోజు పొద్దున వ్యాను ఎక్కించారు. ఆరు నడకల్లో ఒక్కసారి కూడా బండెక్కని మనిషి. ఎక్కే ముందు కింద నిలబడి లెక్కపెట్టారు, తను కాక ముప్పై. "ఇక నుంచి చివర ఇతను నడుస్తాడు" అని నన్ను చూపించారు. మందుల షాపాయన నమ్మలేదు, "ఇతనా? తప్పిపోయినవాడా?" అన్నాడు. "అందుకే. వెనకబడేవాళ్ళు ఎక్కడెక్కడ ఆగుతారో ఇతనికి తెలుసు" అన్నారు. నవ్వారు కూడా. మిగతా మూడు రోజులూ నేనే లెక్కపెట్టాను. కొండెక్కాను. దేవుడి ముందు నిలబడ్డానా, కళ్ళు మూసుకుంటే ఆ క్వారీ గుంటే కనపడింది. ఇంటికొచ్చాక మా అమ్మ నా పాదాలు పట్టుకుని చూసి, "మొత్తం నడిచావురా?" అంది. నడిచానన్నాను. ఆ మాట నమ్మే పోయింది.

నెల తర్వాత వెళ్ళాను ఆయనింటికి, చెప్పేద్దామని. రైల్వేవాళ్ళ పాత క్వార్టర్ల వెనక రెండు గదుల ఇల్లు. కిటికీ పక్క మంచం మీద కూర్చుని ఉన్నారు. మోకాలి కింద నుంచి కాలు లేదు. ఆవిడ, ఆయన భార్య, ఇస్త్రీ చేస్తోంది. టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే, "సార్, ఆ రోజు నేను" అన్నాను. చెయ్యెత్తి ఆపేశారు. "తెలుసు. ఎవరి ముందూ అనకు. నేను వాళ్ళకి మాటిచ్చినట్టు చెప్పాను కదా, నీ చెప్పులు కడిగానని. ఇప్పుడు నువ్వు చెబితే నేను అబద్ధాలకోరునవుతాను. నాకు మిగిలిందల్లా ఆ మాటొక్కటే బాబూ" అన్నారు. ఎలా ఉంటుందో చూడు. నేను క్షమాపణ అడగడానికి వెళ్తే, ఆయన నా నోరు కట్టి పంపించారు. నన్ను కాపాడ్డానికి అన్నారా, నిజంగానే అన్నారా, ఇన్నేళ్ళూ ఆలోచించాను, తెలియలేదు. నాలుగేళ్ళు బతికారు ఆ తర్వాత. మళ్ళీ నడవలేదు. నేను మాత్రం పంతొమ్మిదిసార్లు నడిచాను, ప్రతిసారీ చివరే. గార్డుగారి భార్యా పోయింది, ఒక్కొక్కళ్ళే పోయారు ఆ ముప్పై మందిలో. మందుల షాపాయనొక్కడే మిగిలాడు, తొంభై దాటాయి, పోయిన నెల ఆయనా పోయాడు. అందుకని నీకు చెప్తున్నాను. గార్డుగారి మాట నమ్మినవాళ్ళెవరూ లేరిక.

ఆ, ఒకటుంది. గార్డుగారు పోయిన మరుసటేడు ఆయన భార్య వచ్చింది నడకకి. ఎవరూ రమ్మనలేదు, సంచి పట్టుకుని వచ్చేసింది. నాలుగు రోజులూ ఆడవాళ్ళతో నడిచింది. ఐదో రోజు, ఆ ఇటుకల బట్టీ దాటాక, మెల్లగా వెనక్కి వచ్చి నా పక్కన నడవడం మొదలుపెట్టింది. కాలవ వంతెన దగ్గరికి వచ్చాం. "బాబూ, ఆ రోజు నువ్వు నిజంగా పొలాల దారినే వెళ్ళావా?" అని అడిగింది. నా మొహంలోకి చూడలేదు, రోడ్డు చూస్తూనే అడిగింది. ఏం చెప్పను? "పొలాల దారినేనమ్మా" అన్నాను. నాలుగడుగులు నడిచింది. "ఊఁ. ఆయనా అదే చెప్పారు, చివరిదాకా" అంది. అని, వేగంగా నడిచి ముందువాళ్ళలో కలిసిపోయింది. ఆ తర్వాత ఆరు రోజులూ నా వైపు రాలేదు.

మోటారు కట్టెయ్ తల్లీ, పైన ట్యాంకు నిండి పొర్లుతోంది.